బతికున్న తిమింగలం కోసం మిరిస్సాకి

2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. మా మేనత్త కొడుకు ఫోన్ చేస్తే నాన్నా నేనూ విశాఖపట్నం నుంచి వెళ్ళాం. వెళ్ళేసరికి ఇసుక మీద జనం కిక్కిరిసి ఉన్నారు. 25 అడుగుల పొడవని, నీలి తిమింగలమని పత్రికలు రాశాయి. ఆ జాతి పిల్ల పుట్టినప్పుడే 23 అడుగులుంటుంది. అంటే మేం చూసింది తల్లి పాలు మరవని పసిదాన్నే అయ్యుండాలి. నాన్న దాని పక్కన చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క మాట అన్నారు: "సచ్చినదాన్ని సూసేసేం. బతికున్నదాన్ని సూడాలమ్మా."

నాన్న విశాఖ పోర్టులో 34 ఏళ్ళు టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే సరుకునీ, ఎక్కే సరుకునీ లెక్క రాసే పని. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. రిటైరై ఇన్నేళ్ళయినా చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, బాల్‌పెన్ను ఉండాల్సిందే. వయసంతా ఓడల పక్కనే గడిచింది గాని, ఓడెక్కి సముద్రం లోపలికి వెళ్ళింది మాత్రం లేదు. ఆ మాట పట్టుకుని నేను మిరిస్సా ప్రయాణం మొదలుపెట్టాను.

బయల్దేరే ముందు

శ్రీలంక దక్షిణ తీరంలో, మాతర దగ్గర, మిరిస్సా ఒక చేపల రేవు. నీలి తిమింగలాన్ని చూడటానికి అంత దూరమే ఎందుకంటే, అక్కడ లోతు ఒడ్డుకి దగ్గరగా వచ్చేస్తుంది. సముద్రపు అడుగున ఖండం అంచు చాలా ఇరుకు. కొద్ది మైళ్ళు వెళ్తే చాలు, కాళ్ళ కింద అగాధం. ఈ తిమింగలాల తీరు కూడా వేరు. మిగతా సముద్రాల్లోని నీలి తిమింగలాలు చాలావరకు తిండి కోసం చల్లటి నీళ్ళకీ, పిల్లల కోసం వెచ్చటి నీళ్ళకీ తిరుగుతుంటాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఉండేవి ధ్రువాల వైపు పోవు, ఏడాదంతా ఈ వెచ్చటి నీళ్ళలోనే బతుకుతాయి. 2003లో శ్రీలంక పరిశోధకురాలు ఆశా డి వోస్ ఒక పరిశోధన నౌక మీద ఉండగా, తిమింగలాలు తిరుగుతున్నచోట నీళ్ళపై ఎర్రగా తేలుతున్న మలం కనిపించింది. మలం ఉందంటే ఇక్కడే మేస్తున్నాయన్నమాట. ఆమె పరిశోధన అక్కణ్ణుంచి మలుపు తిరిగింది. ఎర్ర రంగుకి కారణం అవి తినే చిన్న రొయ్యలు. వంద టన్నుల ఒళ్ళు వేలెడు కూడా లేని రొయ్యతో పెరుగుతుందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కాలం చూసుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు దక్షిణ తీరం నెమ్మదిగా ఉంటుంది. మే వచ్చిందంటే నైరుతి గాలి, పెద్ద అలలు. ఆ నెలల్లో చూడాలనుకునేవాళ్ళు తూర్పున ట్రింకోమలీకి వెళ్తారు. మేం ఫిబ్రవరి చివరి వారం పెట్టుకున్నాం.

నాన్నకి బీపీ ఉంది. నాకున్న భయమంతా కడుపులో తిప్పడం గురించే. మా వీధి డాక్టరు గారు ఆయన వేసుకునే మాత్రలన్నీ చూసి, ప్రయాణంలో కడుపు తిప్పకుండా వేసుకునే అవోమిన్ మాత్ర ముందురోజు రాత్రి ఒకటి వేసుకుంటే పరవాలేదన్నారు. దానికి నిద్రమత్తు వస్తుంది. కొందరికి, ముఖ్యంగా పెద్దవాళ్ళకి, పడకపోవచ్చు కూడా. అందుకని పక్కింటావిడ చెప్పిందని వేసెయ్యకుండా డాక్టరుని అడగటమే మంచిది. అది ఒంటికి పడుతుందో లేదో తెలియాలి కదా. మాత్ర ముందురోజు ఇంట్లోనే వేసి చూసి, మర్నాడు పొద్దున్నే ఋషికొండలో అరగంట బోటు ఎక్కించాను. నాన్న బాగానే ఉన్నారు. తల తిరిగింది నాకు. మాత్ర వేసుకోని నాకు.

మొదటి రోజు

విశాఖ నుంచి చెన్నై, చెన్నై నుంచి కొలంబో. రెండో విమానం గంటన్నర కూడా పట్టలేదు. ఇంత దగ్గర్లో ఇంకో దేశం ఉందని నాన్న ఆశ్చర్యపోయారు. ఆ రాత్రి కొలంబోలో బస. పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు.

రెండో రోజు

ఫోర్ట్ స్టేషన్లో పొద్దున్న రైలెక్కాం, వెలిగమ వరకు. ఎక్స్‌ప్రెస్ హైవే మీద కారులో వెళ్తే తొందరగా చేరొచ్చు గాని, మాతర వైపు పోయే రైలు సముద్రాన్ని ఆనుకుని నడుస్తుంది. కుడివైపు కూర్చోవాలి. అల లేస్తే తుంపర కిటికీలోంచి పడుతుందా అన్నంత దగ్గర. రెండోతరగతి పెట్టెలో తలుపు దగ్గర నిలబడి నాన్న దారంతా సముద్రం కేసే చూశారు.

పెరలియ దగ్గర ఎదుటి సీటు పెద్దాయన చెయ్యి చూపించి, నెమ్మదిగా తల వంచాడు. 2004 డిసెంబరు 26న సునామీ అల ఇదే లైను మీద పోతున్న రైలుని ఇక్కడే ముంచేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ రోజు మన తీరంలో కూడా మచిలీపట్నం వైపు ఎన్ని గుడిసెలు కొట్టుకుపోయాయో మాకు గుర్తే. పెట్టెలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి మిరిస్సా. ఇంటి పైభాగంలో రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబం దగ్గర దిగాం. ఇంటావిడ రాత్రి భోజనం తర్వాత మట్టిమూకుడులో గేదె పెరుగు పెట్టి, పైన నల్లటి పాకం పోసింది. కితుల్ పాకం అంది. ఆ చెట్టు ఎలా ఉంటుందో ఆమె చేతులతో చూపిస్తుంటే నాన్న పట్టేశారు: "జీలుగు చెట్టమ్మా ఇది!" నిజమే. మన పాడేరు, అరకు ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు చెట్టే. అక్కడ కల్లుగా తాగేదాన్ని ఇక్కడ కాచి పాకం చేస్తారు. నాన్న ఇంకో మూకుడు అడిగి తిన్నారు.

మూడో రోజు

ఈ రోజంతా సన్నాహానికే ఉంచాను. వచ్చిన మర్నాడే బోటెక్కేస్తారు చాలామంది. నాకు ఇష్టం లేదు. ప్రయాణపు అలసటతో, నిద్రలేని కళ్ళతో సముద్రం మీదికి వెళ్తే ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. ఇంకో కారణం, బోటుని కళ్ళారా చూసి ఎంచుకోవాలి.

పొద్దున ఆరింటికే రేవుకి వెళ్ళాం. తిమింగలాల బోట్లు బయల్దేరే వేళ అది. ఒక పక్క రోజుల తరబడి సముద్రం మీద ఉండి వచ్చిన పెద్ద పడవల్లోంచి సూర చేపలు దించుతున్నారు. నాన్న కాళ్ళు అటే లాగాయి. ఒక్కోటి పసిపిల్లవాడంత. ఎవరో కుర్రాడు కాగితం మీద లెక్క రాసుకుంటుంటే ఆయన వెనక నిలబడి చూసి, "ఐదుకి కట్ట కడతన్నాడు, మనలాగే" అన్నారు సంతోషంగా.

నేను బోట్ల వాళ్ళ దగ్గర నా ప్రశ్నలు విప్పాను. ఎంతమంది ఎక్కుతారు? లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా? మరుగుదొడ్డి ఉందా? నీడ ఉందా? కనిపించకపోతే ఏం చేస్తారు? ఇవన్నీ ఎవరైనా అడిగేవే. వాటికి జవాబులు కూడా అందరి దగ్గరా ఒకేలా ఉన్నాయి. తేడా తెలిసింది ఆఖరి ప్రశ్న దగ్గరే: తిమింగలం కనిపించాక ఎంత దూరంలో ఆగుతారు?

మొదటివాడు, "మీ చేతికి అందేంత దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు. సంబరంగానే అన్నాడు, మాకు అదే కావాలనుకుని. రెండోవాడు తప్పకుండా చూపిస్తానని ప్రమాణం చేసినంత పని చేశాడు. మూడో చోట బల్ల వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బోటు మీద గైడు కూడా తనే. "నూరు మీటర్లు. అది చట్టం. ఇంజను న్యూట్రల్‌లో పెడతాం. అది మా వైపు వస్తే వస్తుంది, మేం వెంటపడం. కనిపించకపోవచ్చు కూడా. కనిపించకపోతే ఇంకోరోజు ఉచితంగా రండి" అంది. ధర మిగతావాళ్ళ కంటే ఎక్కువే. నేను బేరం ఆడలేదు.

ఈ సన్నాహంలో అన్నిటికంటే పెద్దది ఇదే అని నా నమ్మకం. మాత్రలు, టోపీలు, కెమెరాలు మన సుఖం కోసం. ఏ బోటెక్కుతున్నామన్నది ఆ ప్రాణి కోసం. మనం ఏ బోటుకి డబ్బిస్తే రేపు ఆ బోటు తీరే రేవంతా నేర్చుకుంటుంది. దగ్గరికి తోలినవాడికే టిక్కెట్లు పోతుంటే, దూరంగా ఆగే ఆ అమ్మాయి ఎన్నాళ్ళు నిలబడగలదు?

మధ్యాహ్నం త్రీవీలర్ మాట్లాడుకుని దొండ్ర మొనకి వెళ్ళాం. సింహళంలో దెవినువర, దేవుళ్ళ నగరం. ఒకప్పుడు ఇక్కడ గొప్ప గుడి ఉండేది. 1588లో పోర్చుగీసువాళ్ళు పడగొట్టారు. ఇప్పుడు విష్ణు దేవాలయం ఉంది. మొన మీద తెల్లటి దీపస్తంభం, 49 మీటర్లు, 1890 నాటిది. శ్రీలంక దక్షిణపు చివర ఇదే. ఇక్కణ్ణుంచి తిన్నగా దక్షిణానికి పోతే అంటార్కిటికా దాకా నేల తగలదు. నాన్నకి విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం గుర్తొచ్చినట్టుంది, దీపం ఎన్ని మైళ్ళు కనిపిస్తుందని కాపలాదారుని అడిగారు.

స్తంభం నీడలో కూర్చున్నాం. ఎదురుగా సముద్రపు గీత మీద ఓడలు. ఒకటి పోతే ఇంకోటి. గల్ఫ్ నుంచి, సూయజ్ నుంచి సింగపూర్ వైపు పోయేవి, అటునుంచి ఇటు వచ్చేవి, అన్నీ ఈ మొన ముందునుంచే. నాన్న బైనాక్యులర్ తీసుకుని చెప్పసాగారు. "అది టాంకరు. లోడు మీదుంది, ఒళ్ళంతా నీళ్ళలోనే ఉంది సూడు. ఎనకాలది కంటైనరు. ఆ ఎర్రటిది ఖాళీ, ఎంత ఎత్తుకి తేలిపోయిందో." గంటలో నోటుబుక్కులో ఐదు గీతల కట్టలు రెండు, పైన ఒకటి.

అప్పుడు చెప్పాను ఆయనకి. ఈ ఓడల దారీ, తిమింగలాలు మేసే చోటూ ఒకటేనని. 2012లో కొలంబో రేవులోకి వచ్చిన ఒక కంటైనర్ ఓడ ముక్కు మీద నీలి తిమింగలం శవం వేలాడుతూ ఉందని. ఎక్కడ గుద్దిందో ఓడలో ఎవరికీ తెలియలేదని. నాన్న బైనాక్యులర్ దించారు.

"తెలీదమ్మా. అంత ఓడకి ఏటి తెలుస్తాది? తెలిసినా ఆగదు. ఇంజను ఆపేసినా మైళ్ళు పోయి గాని నిలబడదని మా పోర్టు పైలట్లు చెప్పీవోరు."

కొంచెం ఆగి, "దారి పక్కకి జరపొచ్చు గదా" అన్నారు.

పరిశోధకులు ఏళ్ళుగా అడుగుతున్నదీ అదే. ప్రపంచంలోకెల్లా పెద్ద కంటైనర్ ఓడల సంస్థ ఎంఎస్‌సీ 2022లో తన ఓడల్ని ఇక్కడ 15 నాటికల్ మైళ్ళు దక్షిణంగా తప్పించి నడపటం మొదలుపెట్టింది. ఆ మాట చెప్పగానే నాన్న మొహం విప్పారింది. "ఆ డబ్బాలు ఎన్ని లెక్కెట్టేనో" అన్నారు. ఆ తర్వాత గీత మీదికి వచ్చిన ప్రతి కంటైనర్ ఓడ ఒంటి మీదా ఆ మూడక్షరాలు ఉన్నాయేమోనని వెతికారు. మాకు కనిపించిన వాటిలో లేవు. లేకపోవడమే మంచిదని ఆయనే అన్నారు.

సాయంత్రం గదికొచ్చి సంచి సర్దాను. పొడుగు చేతుల నూలు చొక్కాలు, గడ్డం కింద తాడుతో కట్టుకునే టోపీలు, నల్లద్దాలు, సన్‌స్క్రీన్, ఒక తువ్వాలు, మార్చుకోడానికి చెరో జత, అల్లం మురబ్బా, నీళ్ళు. ఫోను పెట్టడానికి జిప్పు కవరు. నాన్న నోటుబుక్కు కూడా అందులోనే పెట్టబోతే ఇవ్వలేదు.

ఇంటావిడ ఆరాత్రి అంబుల్ తియల్ చేసింది, గొరక పులుపు వేసి సూర చేపని ఇగరబెట్టిన కూర. వాసనకే నోరూరింది. కష్టం మీద వద్దనుకుని అన్నం, పలచటి పప్పు తిన్నాం. బోటెక్కే ముందురాత్రి నూనె, కారం, పులుపు తగ్గించాలి. అలాగని పొట్ట మాడ్చకూడదు. ఖాళీ కడుపే ఎక్కువ తిప్పుతుంది. కూర మర్నాటికి దాచిపెట్టమన్నాం. తొమ్మిదింటికి మాత్రలు వేసుకుని పడుకున్నాం. ఈసారి నేను కూడా.

నాలుగో రోజు

ఐదింటికి లేచి రెండు అరటిపళ్ళు, రొట్టెముక్క. ఆరింటికి రేవు. కోస్ట్ గార్డు మనిషి బోటెక్కి తలలు లెక్కపెట్టాడు. నాన్న కూడా లెక్కపెట్టారు. ఇద్దరికీ సరిపోయింది. అందరూ చూపు బాగుంటుందని మేడ మీదికి పరుగెత్తారు గాని, గైడు అమ్మాయి నాన్నని కింద, బోటు నడిమధ్యలో కూర్చోబెట్టింది. ఊపు తక్కువగా ఉండేది అక్కడే. ముందుకి, పైకి పోయేకొద్దీ ఎక్కువ. కళ్ళు దూరంగా నీటి గీత మీద పెట్టమంది, ఫోను చూడొద్దంది. నాన్నకి ఆ గీత కేసి చూడటం చెప్పాల్సిన పని కాదు.

గట్టు దాటగానే పొడుగాటి అలలు మొదలయ్యాయి. గంట గడిచింది. ఎగిరే చేపలు వెండి రేకుల్లా జారిపోయాయి. ఒక తాబేలు తల పైకెత్తి మమ్మల్ని చూసి మునిగింది. విశాఖ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీయే అనిపించింది నాకు. తర్వాత స్పిన్నర్ డాల్ఫిన్లు, యాభైకి తక్కువుండవు, గాల్లో బొంగరాల్లా తిరుగుతూ. మేడ మీద కేకలు. అవి వెళ్ళిపోయాక ఇంకో గంట ఏమీ లేదు. ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు, వాళ్ళమ్మకి మురబ్బా ఇచ్చాను. దూరంగా ఒక టాంకరు పోతోంది, దాని రొద నీళ్ళ మీదుగా కడుపులోకి వచ్చింది. తిమింగలం గొంతు మన చెవికి అందనంత మంద్రం. నూర్ల మైళ్ళు పోతుందంటారు. ఈ రొదలో ఒకదాని మాట ఇంకోదానికి ఎలా వినపడుతుంది?

"నిల్ తల్మసా!"

బోటు నడిపే ఆయన కేక అది. నాన్న చటుక్కున లేచారు. తల్మసా అంటే తిమింగలమని నిన్న గైడు చెప్పింది. 'నిల్' ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తిన్నగా పైకి, మూడంతస్తుల ఎత్తున, తెల్లటి ఆవిరి స్తంభం లేచి నిలబడింది. కింద బూడిద నీలం వీపు పైకొచ్చి, అలా వస్తూనే ఉంది. ఇంక అయిపోయిందనుకున్నాక, ఎప్పుడో వెనక, అరచేతంత రెక్క.

మా ఇంజను శబ్దం తగ్గింది. దూరంగా ఆగాం. ఇంతలో నాలుగైపుల నుంచీ బోట్లు వచ్చేశాయి. ఒకటి దాని ముందునుంచే అడ్డంగా పోయింది, జనం చేతులు చాచి అరుస్తున్నారు. రెండే ఊపిర్లు తీసి అది మునిగిపోయింది. మా మేడ మీంచి ఎవరో, మనమూ దగ్గరికి పోవాల్సిందని గొణిగారు. గైడు అమ్మాయి వాళ్ళ కేసి తిరిగి, మెత్తగానే, "అది ఊపిరి తీసుకోడానికి పైకొచ్చింది. తీసుకోనివ్వాలి కదా" అంది.

మా బోటు ఆ గుంపుని వదిలేసి తూర్పుగా చాలా దూరం వెళ్ళి ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. నాన్న వాచీ చూసి టైము రాసుకున్నారు. పదకొండు నిమిషాలు.

దానంతట అదే వచ్చింది, మా కుడివైపు. ఇది అదేనో, వేరొకటో తెలియదు. ఊపిరి శబ్దం ముందు వినపడింది, ఆవిరి యంత్రం వదిలినట్టు. నీళ్ళ కింద దాని ఒళ్ళు లేత నీలిగా వెలుగుతోంది. నేను కెమెరా ఎత్తి, దించేశాను. నాన్న గీతలు గీస్తున్నారు. ఒక ఊపిరికి ఒక గీత. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. మళ్ళీ మొదలు. చెయ్యి వణుకుతోంది గాని గీత తప్పలేదు. తొమ్మిదో ఊపిరి తర్వాత వీపు విల్లులా వంగింది. తోక నీళ్ళు కారుస్తూ పూర్తిగా పైకి లేచి, చప్పుడు లేకుండా నిటారుగా దిగిపోయింది. అది దిగినచోట నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉండిపోయాయి.

నాన్న ఆ నున్నటి చోటుని చూస్తూ, పుస్తకం మూయకుండా అడిగారు.

"పక్కన పిల్లేదైనా ఉందేమో సూసేవా అమ్మా?"

చూడలేదని చెప్పాను. బైనాక్యులర్ ఆయన చేతికిచ్చాను. బోటు వెనక్కి తిరిగేదాకా వెతుకుతూనే ఉన్నారు.